చదువుకు తిరిగివచ్చిన ఆడపడుచు: దుర్గాబాయి దేశ్‌ముఖ్

1921వ సంవత్సరాన్ని మన పర్చూరు ప్రాంతం తేలికగా మరచిపోదు. ఆ ఏడాదే చీరాల, పేరాల ప్రజలు పురపాలక పన్ను కట్టమని ఇళ్లూ వాకిళ్లూ వదిలి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట రామనగరులో పాకలు వేసుకుని నెలల తరబడి కాపురమున్నారు. ఆ ఏడాది చివరనే పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వాన శిస్తు నిరాకరణకు నడుము బిగించారు. ఈ కథలు మన ఊళ్లలో ఇంకా చెప్పుకుంటారు. అదే 1921 ఏప్రిల్‌లో, గాంధీగారు చీరాలకు రావడానికి నాలుగు రోజుల ముందు, కాకినాడలో పన్నెండేళ్లు కూడా నిండని ఒక ఆడపిల్ల చేసిన పనిని మాత్రం మనం పెద్దగా చెప్పుకోం. ఈ వారం ఆ పిల్ల జీవితం గురించి రాయాలనుకున్నాను.

ఆమె పేరు దుర్గాబాయి. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. పెరిగింది ఎక్కువగా కాకినాడలో. గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసి, ఆ ఊరి దేవదాసీ స్త్రీలకు, గోషాలో ఉండే ముస్లిం స్త్రీలకు ఆయన దర్శనం ఎలాగైనా చేయించాలని ఈ పిల్ల పట్టుబట్టింది. నలుగురిలోకి రాలేని ఆడవాళ్లు వాళ్లు. ఒకరిని సంఘం వెలివేసింది, మరొకరిని గడప దాటనివ్వలేదు. స్థానిక నాయకులు అయిదువేల రూపాయల నిధి పోగుచేస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. పిల్ల కదా, ఇక ఊరుకుంటుందని అనుకున్నారో ఏమో. దేవదాసీలు ఆ డబ్బు సమకూర్చి ఇచ్చారు. గాంధీగారు వచ్చి అయిదు నిమిషాలకు బదులు అరగంటకు పైగా కూర్చున్నారు. ఆ స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఆయన ముందు పెట్టారు. ఆయన హిందీలో చెప్పిన మాటలను ఈ పిల్లే తెలుగు చేసింది. తర్వాత జరిగిన పెద్ద సభలో తర్జుమాకు నియమితులైన వారు మన గుంటూరు దేశభక్త కొండా వెంకటప్పయ్యగారు. అంతటి పెద్దమనిషి ఉండగా గాంధీగారు ఈ చిన్నపిల్లనే పిలిపించి తన ప్రసంగాన్ని తెలుగు చేయించుకున్నారు.

అప్పటికే ఆ పిల్లకు పెళ్లయింది. ఎనిమిదో ఏట మేనరికపు బంధువుల ఇంటి అబ్బాయి సుబ్బారావుగారితో పెళ్లి చేశారు. ఆ రోజుల్లో అది ఎవరికీ వింత కాదు. ఆడపిల్ల పెళ్లి వయసు పధ్నాలుగు అని చెప్పిన శారదా చట్టం 1929లో గాని రాలేదు. పదిహేనేళ్ల వయసు వచ్చి కాపురానికి పంపవలసిన సమయానికి దుర్గాబాయి తనకు ఆ కాపురం వద్దని తేల్చిచెప్పారు. భర్తపై ఆమెకు కోపం లేదు. తాను ఎంచుకున్న దారి వేరని, తనకు తగిన భార్య కాగలిగిన మరొకరిని చేసుకోమని ఆయనకే నచ్చజెప్పారు. తండ్రీ, తమ్ముడు నారాయణరావూ ఆమె పక్షాన నిలిచారు. ఆ కాలపు తండ్రి ఒకరు కూతురి మాట విని బంధువులందరి ఎదుట నిలబడటం మామూలు విషయం కాదు. ఆమె గురించి రాసేవాళ్లు ఈ తండ్రి దగ్గర ఎక్కువసేపు ఆగరు. ఆగాలని నా అభిప్రాయం.

సుబ్బారావుగారు మాయమ్మ అనే ఆమెను వివాహమాడారు. 1941లో ఆయన చనిపోయారు. దిక్కులేనిదైన మాయమ్మను దుర్గాబాయి మద్రాసుకు తీసుకువచ్చి, తన సంస్థలో చేర్చుకుని, పని నేర్పించి, తన కాళ్లమీద తాను నిలబడేటట్లు చేశారు. లోకం వాళ్లిద్దరినీ సవతులనే పిలుస్తుంది. వాళ్ల మధ్య ఉన్న బంధానికి మన భాషలో మరో మాట లేదు.

బడి సంగతికి వస్తే, పన్నెండేళ్ల వయసులో ఇంగ్లీషు మాధ్యమం వద్దని ఆమె బడి మానేశారు. జాతీయోద్యమపు వేడిలో చేసిన పని అది. ఊరికే కూర్చోలేదు. హిందీ నేర్చుకుని ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ప్రదర్శనశాల గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేకుండా లోపలికి వెళ్లబోయిన జవహర్‌లాల్ నెహ్రూగారిని ఆపేశారు. నిర్వాహకులు పరుగున వచ్చి టిక్కెట్టు కొన్న తర్వాతే వదిలారు. ఈ కథ మన పిల్లల పాఠాల్లో తరచు కనబడుతుంది. ముచ్చటైన కథే. కాని ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది అది కాదు. జైలు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో టంగుటూరి ప్రకాశంగారి వంటి పెద్దలతో కలిసి పనిచేసి, వాళ్లు అరెస్టయినప్పుడు తాను ముందుకు వచ్చి నడిపారు. 1930 నుండి 1933 లోపల మూడు పర్యాయాలు జైలుకు వెళ్లారు. వేలూరు జైలులో కొంతకాలం, మధుర జైలులో కొంతకాలం. మధురలో ఒంటరి కొట్టులో ఉంచారు. ఆరోగ్యం బాగా చెడింది. ఆ జైళ్లలోనే ఆమె ఖూనీ కేసుల్లో శిక్షపడిన ఆడవాళ్లను దగ్గరగా చూశారు. వాళ్ల కథలు ఒక్కొక్కటే విన్నారు. చేయని నేరాన్ని ఒప్పుకున్న వాళ్లున్నారు. మగవాళ్లు చేసిన దాన్ని తమ నెత్తిన వేసుకున్న వాళ్లున్నారు. కోర్టులో ఏమి అడుగుతున్నారో, తాము ఏమి చెప్పాలో, ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తున్నారో ఎరగని వాళ్లు దాదాపు అందరూ. న్యాయస్థానం ముందు నిలబడిన మనిషికి తన పక్షాన ఒక్క మాట కూడా లేకపోవడం అంటే ఏమిటో అక్కడ ఆమెకు తెలిసింది.

పన్నెండేళ్లకు బడి మానేసిన మనిషి, ఇరవై నాలుగేళ్ల వయసులో, పాడైన ఆరోగ్యంతో జైలు నుండి వచ్చి, తాను వకీలు కావాలని నిశ్చయించుకున్నారు. వకీలు కావాలంటే ముందు మెట్రిక్యులేషన్ కావాలి. తాను వద్దని వదిలేసిన ఇంగ్లీషు కావాలి. సిగ్గుపడకుండా మొదటి నుంచీ మొదలుపెట్టారు. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణులయ్యారు. ఇంటర్మీడియట్ కూడా అక్కడే. రాజనీతి శాస్త్రం చదువుతానంటే అది ఆడవాళ్లకు కాదని కాశీలో పండిత మదనమోహన మాలవీయగారు ఒప్పుకోలేదు. జైలు జీవితం అనుభవించిన స్త్రీకి రాజకీయం పుస్తకంలో చదివే అర్హత లేదన్నమాట! వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అడిగితే, ఉపాధ్యక్షులు సి.ఆర్. రెడ్డిగారు ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోలేమన్నారు. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, హాస్టలు లేనందువల్ల చదువు ఆగిన ఆడపిల్లలు తనను కలుసుకోవాలని కోరారు. కొందరు వచ్చారు. అందరూ కలిసి తామే ఒక వసతి ఏర్పాటు చేసుకున్నారు. ఇక రెడ్డిగారికి అభ్యంతరం చెప్పడానికి ఏమీ మిగలలేదు. రాజనీతి శాస్త్రంలో ఆనర్సు పట్టా పుచ్చుకుని, మద్రాసులో లా చదివి, 1942లో న్యాయవాదిగా చేరారు.

చదువుకుంటూనే ఆమె మరో పని చేశారు. మద్రాసులో ఇరుగుపొరుగు పిల్లలను చేరదీసి హిందీ నేర్పుతూ మొదలుపెట్టిన చిన్న గుంపు 1937లో ఆంధ్ర మహిళా సభగా తయారయింది. తాను ప్రైవేటుగా మెట్రిక్ ఎలా గట్టెక్కారో అదే దారిలో ఇతర స్త్రీలనూ నడిపించారు. బాల వితంతువులు, భర్తలు వదిలేసినవాళ్లు, బడి ముఖం మధ్యలో మరచినవాళ్లు అక్కడికి వచ్చి కాశీ మెట్రిక్‌కు చదివేవారు. తర్వాత నర్సుల శిక్షణ, ప్రసూతి ఆసుపత్రి, కుట్టుపని, చేతిపనులు వచ్చి చేరాయి. ఆంధ్ర మహిళ అనే పత్రికనూ ఆమె నడిపారు. ఇక్కడ మన గుంటూరువారిని కూడా తలచుకోవాలి. ఇటువంటి పనినే ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లోనే శారదా నికేతనం పేరిట గుంటూరులో ప్రారంభించి ఉన్నారు.

1946లో మద్రాసు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో స్త్రీలు పదిహేను మందే. మద్రాసు నుండే అమ్ము స్వామినాథన్, దాక్షాయణీ వేలాయుధన్ ఉన్నారు. తిరువాన్కూరు నుండి అనీ మాస్కరీన్ అనే కతోలిక స్త్రీ తర్వాత వచ్చి చేరారు. ఈ పత్రిక పాఠకులకు మరొకటి చెప్పాలి: జెస్విట్ గురువు ఫాదర్ జెరోమ్ డిసౌజా కూడా మద్రాసు నుండే ఆ సభలో ఉన్నారు. సభాధ్యక్షులు లేనప్పుడు సభ నడిపే వారి జాబితాలో ఉన్న ఏకైక స్త్రీ దుర్గాబాయి. నోరు విప్పితే లాయరు. న్యాయస్థానాలు ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉండరాదని వాదించారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు ముప్పై అయిదు అని ముసాయిదాలో ఉంటే, దాన్ని ముప్పైకి తగ్గించాలని సవరణ తెచ్చారు. నేడు ముప్పై ఏళ్లవాళ్లు ఆ సభలో కూర్చోగలుగుతున్నారు.

జాతీయ భాష చర్చలో ఆమె మాటకు ఒక ప్రత్యేకమైన బరువుంది. దక్షిణాదిన హిందీ నేర్పడానికి ఆమె కంటే చిన్న వయసులో పూనుకున్నవారు అరుదు. అటువంటి వ్యక్తి 1949 సెప్టెంబరులో లేచి, తాము గాంధీగారి మాట విని ప్రేమతో నేర్చుకున్న భాష హిందుస్తానీ అని, దాన్ని సంస్కృతంతో నింపి మిగిలినవారిపై రుద్దే ఉత్సాహం చూస్తే ఇంతకాలం చేసిన సేవ ఎందుకు చేశామా అనిపిస్తున్నదన్న భావంతో మాట్లాడారు. హిందీని ద్వేషించేవాడు ఈ మాట అంటే ఉత్తరాదివారు పట్టించుకోకపోవచ్చు. జీవితమంతా హిందీ నేర్పిన ఆమె అన్నప్పుడు వినక తప్పలేదు.

హిందూ కోడ్ బిల్లు సమయంలోనూ ఆమె డాక్టర్ అంబేద్కర్‌గారి పక్షాన గట్టిగా నిలిచారు. కూతురికి ఆస్తిలో పాలు ఇస్తే కుటుంబాలు ముక్కలవుతాయని పెద్దలు గగ్గోలు పెట్టిన కాలం అది. బిల్లు సాగక అంబేద్కర్‌గారు 1951లో మంత్రి పదవి వదులుకున్నారు. తర్వాత 1955, 56లలో నాలుగు ముక్కలుగా చట్టమయింది. కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు మన రాష్ట్రంలో 1985 నుండి, దేశమంతటా 2005 నుండి వచ్చింది. చట్టం వచ్చింది సరే. పెళ్లినాడు కట్నం ఇచ్చాం గదా అని, పొలం కాగితాలపై ఆడపిల్లచేత సంతకం పెట్టించుకునే అన్నదమ్ములు మన పత్తి చేల గట్లమీద ఇంకా ఉన్నారు. ఏ చేను ఎవరిదో నేను ఇక్కడ రాయను. చదివేవారికి తెలుసు.

1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. సొంత ఊరు రాజమండ్రి నుండి లోక్‌సభకు పోటీ చేసి ఆమె ఓడిపోయారు. ఆ ఏడు ఆంధ్ర ప్రాంతంలో కాంగ్రెసుకు గాలి ఎదురు తిరిగింది.  దేశానికి రాజ్యాంగం రాసిన సభలో అధ్యక్ష స్థానంలో కూర్చున్న వ్యక్తిని సొంత ఊరు వద్దన్నది. ఆమె మళ్లీ ఎన్నికల జోలికి పోలేదు. ఇది దేశానికి నష్టమా లాభమా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆమె మంత్రి అయివుంటే ఒక శాఖ మిగిలేది. ఓడిపోయినందువల్ల నెహ్రూగారు ఆమెను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా తీసుకున్నారు. అక్కడ సాంఘిక సేవల బాధ్యత ఆమెకు వచ్చింది.

ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు, ఎరువుల లెక్కలు వేసే పెద్దల మధ్య కూర్చుని, అనాథ పిల్లలకు, వితంతువులకు, అంగవికలురకు డబ్బు కేటాయించమని అడగడం సులువు కాదు. మొదటి పంచవర్ష ప్రణాళికలో నాలుగు కోట్ల రూపాయలు రాబట్టారు. దాన్ని ఖర్చుపెట్టడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు ఆమే. ప్రభుత్వ కచేరీ తానే ఆశ్రమాలు నడపడం కంటే, ఊళ్లో ఇదివరకే నడుస్తున్న స్వచ్ఛంద సంస్థకు సాయం చేసి లెక్క అడగడం మేలని ఆమె పద్ధతి. మతం, కులం అనకుండా పనిచేసే సంస్థలు దేశమంతటా ఆ గ్రాంట్లు పొందాయి. పల్లెలకు బాలవాడీలు, మంత్రసానులు, గ్రామసేవికలు వెళ్లారు. ఈ పద్ధతికి లోటు లేకపోలేదు. గ్రాంటు అలవాటు పడిన సంస్థ చందా అడగడం మరిచిపోతుంది. గ్రాంటు ఆగిన రోజున తలుపు మూస్తుంది. అటువంటి తలుపులు మన జిల్లాలోనూ చూశాం.

గ్రామసేవికలు కావాలంటే చదువుకున్న స్త్రీలు కావాలి. పల్లెల్లో వాళ్లు లేరు. అందుకు ఆమె కనుక్కున్న ఉపాయం తన సొంత జీవితం లోనిదే. 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టించారు. చిన్నప్పుడు బడి మానేసి, ఇప్పుడు ఇరవై, ముప్పై ఏళ్లున్న స్త్రీని కొద్ది సంవత్సరాల్లోనే పరీక్షకు సిద్ధంచేసి, ఆపైన నర్సుగానో, పంతులమ్మగానో, గ్రామసేవికగానో పంపడం. మధురై జైలులో వేలిముద్ర వేసిన ఆడవాళ్లు ఆమె మనసులో ఎప్పుడూ ఉన్నారని దీన్ని చూస్తే తెలుస్తుంది. అదే ఏడు స్త్రీ విద్యపై జాతీయ సంఘానికి అధ్యక్షురాలై, 1959లో నివేదిక ఇచ్చారు. ఆడపిల్లల చదువును మామూలు చదువులో ఒక భాగంగా వదిలేయకుండా ప్రత్యేక సమస్యగా చూడాలని, దానికి వేరే నిధులు, వేరే యంత్రాంగం ఉండాలని ఆ నివేదిక సారాంశం.

ఆ నివేదిక వచ్చి అరవై ఏళ్లు దాటింది. ఫిబ్రవరిలో మిరపకోతలు మొదలైతే మన బడుల్లో ఆడపిల్లల వరుసలు పలచబడటం మాత్రం చూస్తూనే ఉన్నాం. కాయ కోయడానికి చిన్న చేతులు బాగుంటాయంటారు. పత్తి తీతకూ అంతే. ఒక నెల పోయిన పిల్ల తిరిగి రావడానికి సిగ్గుపడుతుంది. ఆ సిగ్గే రెండేళ్లలో పెళ్లిచూపులవుతుంది. పెళ్లి రాయించుకోవడానికి వచ్చినవాళ్లు వయసు చెప్పేటప్పుడు మా రిజిస్టరులోని పుట్టిన తేదీ ఇంకొకటి చెబుతుంది. 1978 నుండి చట్టం పద్ధెనిమిది అంటున్నది. పెళ్లి వాయిదా వేయమంటే ఇంటిపెద్దల కోపం ముందు మా మీదికి వస్తుంది. రానివ్వండి.

మళ్లీ కథలోకి. ప్రణాళికా సంఘంలో పనిచేసే రోజుల్లోనే ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌గారు ఆమెను వివాహమాడాలని కోరారు. ఆయన ఐ.సి.ఎస్. అధికారి, రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు, భార్యను కోల్పోయినవారు. మరాఠీ మాతృభాష, సంస్కృతంలో పండితులు. 1953 జనవరి 22న రిజిస్టరు పెళ్లి జరిగింది. నెహ్రూగారు సాక్షి. ఎనిమిదేళ్లకు తనను అడగకుండా జరిగిన పెళ్లి తర్వాత, నలభై మూడేళ్ల వయసులో తాను ఒప్పుకుని చేసుకున్న పెళ్లి ఇది. బొంబాయి నగరం విషయంలో ప్రభుత్వంతో సరిపడక 1956లో దేశ్‌ముఖ్‌గారు మంత్రి పదవి వదిలేశారు. వీళ్లిద్దరిలో ఎవరూ కుర్చీని పట్టుకుని వేలాడినవారు కారు.

1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చి, మన దేశంలోనూ అటువంటివి ఉండాలని ఆమె పెద్ద న్యాయమూర్తులతో, నెహ్రూగారితో చర్చించారు. ఇంటి తగాదాలు ఖూనీ కేసులూ భూమి కేసులూ విచారించే చోటనే, ఏళ్ల తరబడి, వకీళ్ల ఫీజులు కట్టుకుంటూ తేల్చుకోవడం స్త్రీలకు శిక్ష అని ఆమె అభిప్రాయం. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేరు.

1962లో ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలిని స్థాపించారు. తర్వాత దంపతులిద్దరూ హైదరాబాదు వచ్చి విద్యానగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. దానికి రచన అని పేరు పెట్టారు. ఆంధ్ర మహిళా సభ హైదరాబాదులోనూ వేళ్లూనింది. ఆసుపత్రి, స్త్రీల కళాశాల, వయోజన విద్యా కేంద్రం ఏర్పడ్డాయి. 1975లో భార్యాభర్తలిద్దరికీ ఒకే ఏడాది పద్మవిభూషణ్ వచ్చింది. తమ ఇద్దరి జీవితం గురించి ఆమె ఇంగ్లీషులో చింతామణ్ అండ్ ఐ అనే పుస్తకం రాశారు. పన్నెండేళ్లకు ఇంగ్లీషు వద్దని బడి మానిన మనిషి అని గుర్తుంచుకుని ఆ పుస్తకం చదివితే ఒక చిరునవ్వు రాకమానదు.

1981 మే 9న ఆమె కన్నుమూశారు. దేశ్‌ముఖ్‌గారు మరుసటి ఏడాది అక్టోబరులో వెళ్లిపోయారు. 2018లో ఢిల్లీ మెట్రోలో విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణం దగ్గరి స్టేషనుకు ఆమె పేరు పెట్టారు. రోజూ అక్కడ దిగి కాలేజీకి వెళ్లేవాళ్లలో సగానికి సగం ఆడపిల్లలే.